‘మా సంగతి వదిలేయండి, పాపని చూడండి’ అనే తల్లిదండ్రులకు

ప్రశ్న క్లుప్తంగా: నిజాంపేటలో ఉండే ఒక తల్లి రాశారు. ఎనిమిదో తరగతి చదివే పెద్దమ్మాయికి కొన్ని నెలలుగా పొద్దున్నే కడుపునొప్పి, వాంతులు, స్కూలు బస్సు వచ్చే టైముకి ఏడుపు. అమ్మకి దారిలో ఏమైనా అవుతుందేమో, పరీక్షలో అందరి ముందూ పరువు పోతుందేమో అని రోజంతా బెంగ. పిల్లల డాక్టరు, స్కానింగు, రక్త పరీక్షలు అన్నీ అయ్యాక సైకియాట్రిస్టు చూసి జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్, అంటే అన్నిటి గురించీ అదుపులేని బెంగ ఉండే జబ్బు అన్నారు. వారానికోసారి థెరపీ చెప్పి, బెంగ తగ్గించే సెర్ట్రలిన్ మాత్ర రాశారు. భర్త ‘జబ్బూ లేదు, ఏమీ లేదు, అంతా నీ గారాబం’ అంటున్నారు. అత్తమ్మ రోజూ దిష్టి తీస్తున్నారు. మాత్ర వేయాలా, స్కూల్లో చెప్పాలా, జీవితాంతం ఇలాగే ఉంటుందా, అసలు మేం ఎక్కడ తప్పు చేశాం అని ఆమె అడుగుతున్నారు. చివర్లో ‘నా సంగతి వదిలేయండి మేడమ్, పాప బాగుంటే చాలు’ అన్నారు.

జవాబు:

అమ్మా, మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను. నేను హైదరాబాదులో పిల్లలతో, టీనేజర్లతో పనిచేసే క్లినికల్ సైకాలజిస్టుని. ‘మా సంగతి వదిలేయండి’ అని నాతో అనని తల్లులు చాలా తక్కువ. కానీ మీ సంగతి వదిలేస్తే పాప వైద్యం సగమే జరుగుతుంది. థెరపిస్టు దగ్గర పాప ఉండేది వారానికి ఒక గంట. మిగతా టైమంతా మీ ఇంట్లో, మీ కళ్ల ముందు. పాప ఏడుస్తుంటే మీకు ఎలా ఉంటోంది, మీరిద్దరూ ఏ విషయం మీద గొడవపడుతున్నారు, రాత్రి మీకు నిద్ర పడుతోందా లేదా, ఇవన్నీ చికిత్సకి సంబంధించినవే. అందుకే ఈ జవాబులో పాప గురించి ఎంత ఉంటుందో మీ గురించీ అంత ఉంటుంది.

డాక్టరు పేరు పెట్టి చెప్పిన రోజు ఎలా అనిపించిందని అడిగితే చాలామంది ముందు భయం గురించి చెప్తారు. కాస్త నమ్మకం కుదిరాక ఇంకో మాట చెప్తారు. ‘హమ్మయ్య’ అనిపించిందని, అలా అనిపించినందుకు సిగ్గేసిందని. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నెలల తరబడి ‘రిపోర్టులన్నీ నార్మల్’ అనే మాట విని, కళ్ల ముందు పిల్ల వాంతి చేసుకుంటుంటే ఏం చేయాలో తెలియక గడిపిన మనిషికి, దీనికో పేరుంది, వైద్యం ఉంది అని తెలియడం ఊరటే. మర్నాడు బస్సు వెళ్లిపోయాక అదే పిల్ల మీద గట్టిగా అరిచేసి ఉంటారు. ఆ సాయంత్రం ఫ్యామిలీ గ్రూపులో ఎవరో తమ పిల్లాడి ఒలింపియాడ్ మెడల్ ఫొటో పెడితే గుండె కలుక్కుమని ఉంటుంది. ఊరట, కోపం, దుఃఖం ఒకే రోజులో రావచ్చు, అన్నీ నిజమైనవే కావచ్చు. పిల్ల గురించి మనసులో ఒక బొమ్మ గీసుకుని ఉంటాం. అది కాస్త చెరిగినప్పుడు ఏడుపు వస్తుంది. ఏడవండి. అందుకు మీరు చెడ్డ తల్లి అయిపోరు.

ఇక ‘ఎక్కడ తప్పు చేశాం’ అన్నది. మీరు రాసిన జాబితా చదివాను: పాపకి మూడో నెలలోనే ఉద్యోగానికి వెళ్లడం, కడుపుతో ఉన్నప్పుడు మామగారి ఆపరేషన్ వల్ల పడ్డ టెన్షన్, కరోనా రోజుల్లో ఫోన్ చేతికివ్వడం, ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చడం. వీటిలో ఏ ఒక్కదాని వల్లనో యాంగ్జైటీ డిజార్డర్ రాదు. యాంగ్జైటీ విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 30 నుంచి 40 శాతం దాకా జన్యువుల పాత్ర ఉంటుందని కవలల మీద జరిగిన అధ్యయనాలు అంచనా వేస్తున్నాయి. కొందరు పిల్లలు పుట్టుకతోనే కొత్తకి బెదురుతారు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే కొత్త మనిషి ఎత్తుకుంటే గుక్కపట్టి ఏడుస్తారు. నర్సరీలో మొదటి నెల నోరు విప్పరు. ఆ స్వభావం మీద బడి, స్నేహాలు, పరీక్షలు, ఇంటి పరిస్థితులు, ఒక్కోసారి ఏదైనా చేదు అనుభవం వచ్చి చేరతాయి. ఫౌండేషన్ కోర్సు, వారం వారం టెస్టులు, ర్యాంకుని బట్టి సెక్షన్ మార్చడం మీ అమ్మాయి మీద భారం పెంచే ఉంటాయి. ఆ కోర్సు మాన్పించండి అనే నేను చెప్తాను. అలాగని జబ్బు మీరు తెచ్చిపెట్టినట్టు కాదు.

2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. నలభై మంది ఉండే సెక్షన్‌లో దాదాపు ముగ్గురు. వాళ్ల అమ్మానాన్నలు కూడా ఎవరికీ చెప్పుకోకుండా ఇదే ప్రశ్న వేసుకుంటూ ఉండి ఉంటారు.

ఈ అపరాధభావం గురించి నేను ఇంత చెప్పడానికి కారణం ఉంది. ‘నా వల్లే’ అనుకునే తల్లి పిల్ల ఏడిస్తే దేనికీ కాదనలేదు. చేసిన తప్పుకి పరిహారం చెల్లిస్తున్నట్టు పిల్ల అడిగిందల్లా చేసేస్తుంది. యాంగ్జైటీ బలపడేది సరిగ్గా అక్కడే. ఆ సంగతికి వచ్చే ముందు మీ వారి గురించి రెండు మాటలు.

‘ఆదివారం చక్కగా ఆడుకుంటుంది, సోమవారం పొద్దున వాంతి. నాటకం కాకపోతే ఏంటి?’ అని ఆయన అన్నారని రాశారు. చూసినవాళ్లెవరికైనా అలాగే అనిపిస్తుంది, ఆయన్ని తప్పు పట్టలేం. నిజానికి డాక్టర్లు యాంగ్జైటీని గుర్తుపట్టే ఆనవాళ్లలో ఇదొకటి. భయం రాబోయే దాని గురించి ఉంటుంది కాబట్టి ఆ గండం దగ్గర పడ్డప్పుడే ఒళ్లు స్పందిస్తుంది. మెదడు ప్రమాదం అనుకోగానే అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, జీర్ణకోశం నుంచి రక్తం కండరాల వైపు మళ్లుతుంది, కడుపు తిప్పుతుంది. ఇందులో పాప కావాలని చేసేది ఏదీ లేదు. మీ అపార్ట్‌మెంటుకి కొత్తగా వచ్చిన వాచ్‌మన్ ప్రతి కొరియర్ అబ్బాయినీ దొంగ అనుకుని విజిల్ వేస్తుంటే ఎలా ఉంటుంది? విజిల్ నిజం, పరుగెత్తుకొచ్చినవాళ్ల కంగారు నిజం, దొంగ మాత్రం లేడు. మీ వారికి ఇలా చెప్పి చూడండి. ‘పాపకి జబ్బు’ అంటే ఒప్పుకోని తండ్రులు ఇలా చెప్తే వింటారు.

ఇంకోటి. ‘నాకూ చిన్నప్పుడు ఇలాగే ఉండేది, మా నాన్న నాలుగు తగిలిస్తే సర్దుకుంది’ అని ఆయన ఎప్పుడైనా అన్నారా? తండ్రుల నోట ఈ మాట నేను తరచుగా వింటాను. వచ్చినప్పుడు వాదనకి దిగకండి. ‘అప్పుడు మీకెలా ఉండేది?’ అని అడిగి, ఆగండి. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివిన రెండేళ్లు ఎలా గడిచాయో, స్టడీ అవర్‌లో చేతులు ఎలా వణికేవో ఆ ప్రశ్నకే మొదటిసారి చెప్పిన నాన్నలున్నారు. తనకి జరిగింది బాధే అని ఒప్పుకుంటే కూతురిది కూడా బాధే అని ఒప్పుకోవాలి. ‘ఏమీ లేదు’ అనే మాట వెనుక చాలాసార్లు ఆ భయం ఉంటుంది. క్లినిక్ దాకా వచ్చి పార్కింగ్ దొరకలేదని కిందే కారులో ఉండిపోయే తండ్రులు ఎందరో. వాళ్లకి పిల్ల మీద ప్రేమ లేకపోవడం ఉండదు. పైకొస్తే ఏం వినాల్సి వస్తుందో అని భయం. మీ థెరపిస్టుని మీ వారితో విడిగా అరగంట మాట్లాడమని అడగండి. ఫోన్లోనైనా సరే.

మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది నేను ఊహించగలను. ఆయన గట్టిగా అంటారు కాబట్టి మీరు ఇంకాస్త మెత్తబడతారు. మీరు మెత్తబడ్డారు కాబట్టి ఆయన ఇంకాస్త గట్టిపడతారు. ఒకరినొకరు సరిదిద్దబోయి ఇద్దరూ చెరో చివరకి జరిగిపోతారు. నడుమ పిల్ల, తన వల్లే అమ్మానాన్నలు పోట్లాడుకుంటున్నారని ఇంకో బెంగ పెంచుకుంటుంది. ఆయన అంటున్న ‘బడికి వెళ్లాలి’ అన్న మాటలో నిజం ఉంది. మీరు అంటున్న ‘దానికి నిజంగానే భయమేస్తోంది’ అన్న మాటలోనూ నిజం ఉంది. పాపకి ఈ రెండు మాటలూ కలిపి ఒకే నోటి నుంచి వినిపించాలి. ‘నీకు చాలా భయంగా ఉందని నాకు తెలుసు. ఆ భయం ఉన్నా నువ్వు చేయగలవని కూడా నాకు తెలుసు.’ ఈ రెండు వాక్యాల్లో మొదటిది మీకు సులువు, రెండోది ఆయనకి సులువు. ఇద్దరూ రెండూ అనగలిగే దాకా అభ్యాసం చేయండి.

ఇప్పుడు అసలు విషయం. ఆఫీసు నుంచి బయల్దేరినప్పటి నుంచి ఇల్లు చేరే దాకా పాపకి లైవ్ లొకేషన్ పంపుతున్నానని రాశారు. గచ్చిబౌలిలో ట్రాఫిక్ ఆగితే చాలు, వరుసగా ఫోన్లు. రాత్రి ‘రేపు ఏం కాదు కదా’ అని ఎన్నిసార్లు అడిగినా ‘ఏం కాదు తల్లీ’ అని చెప్తున్నారు. దాని పక్కనే పడుకుంటున్నారు. చుట్టాలు పలకరిస్తే దాని బదులు మీరే జవాబు చెప్తున్నారు. ఇవన్నీ ఏ తల్లయినా చేసేవే, చేసిన ప్రతిసారీ పాప కుదుటపడుతుంది కూడా. కష్టమేమిటంటే ఆ కుదుట గంట కూడా నిలవదు. పైగా ‘లొకేషన్ చూశాను కాబట్టే అమ్మ క్షేమంగా వచ్చింది’ అని మెదడు లెక్క కట్టుకుంటుంది. చూడకపోయినా అమ్మ వస్తుంది అని నేర్చుకునే అవకాశం దానికి రాదు.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ అనే సైకాలజిస్టు బృందం దీని మీదే ‘స్పేస్’ అనే పద్ధతిని తయారుచేసింది. అందులో థెరపీకి పిల్లలు రారు, తల్లిదండ్రులే వస్తారు. పిల్లల భయానికి అనుకూలంగా ఇంట్లో చేస్తున్న సర్దుబాట్లను మెల్లగా తగ్గించడం వాళ్లకి నేర్పుతారు. 2020లో ప్రచురించిన అధ్యయనంలో 7 నుంచి 14 ఏళ్ల పిల్లలు 124 మంది ఉన్నారు. కొందరికి నేరుగా సీబీటీ అనే మాటల చికిత్స చేశారు, మిగతావారికి తల్లిదండ్రుల ద్వారానే. రెండోది మొదటిదానికి తీసిపోలేదని తేలింది. మీ పాప థెరపీ మానేయమని దీనర్థం కాదు. మీరు మార్చుకునే చిన్న అలవాటుకి కూడా మందుకున్నంత విలువ ఉందని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ఎలా మొదలుపెట్టాలి? ఒక్కటే ఎంచుకోండి, మీ ఇద్దరూ నిలబడగలిగేది. లైవ్ లొకేషన్ మంచి మొదలు అని నాకనిపిస్తోంది. పాప ప్రశాంతంగా ఉన్నప్పుడు, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ముందుగా చెప్పండి: ‘బుధవారం నుంచి ఆఫీసులో బయల్దేరేటప్పుడు ఒక మెసేజ్ పెడతాను. లొకేషన్ పంపను, దారిలో ఫోన్ ఎత్తను. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. నువ్వు తట్టుకోగలవని నమ్ముతున్నాను.’ గమనించండి, ఇందులో పాప ఏం చేయాలో చెప్పడం లేదు, మీరు ఏం చేస్తారో చెప్తున్నారు. అందుకే ఇది సాధ్యం. పిల్ల భయపడకూడదు అని మనం శాసించలేం, మన ఫోను మాత్రం మన చేతిలో ఉంటుంది. మొదటి కొన్ని రోజులు ఏడుపు పెరుగుతుంది. ఫోన్లు పెరుగుతాయి. ‘నీకు నేనంటే ఇష్టం లేదు’ అంటుంది. ఆ మాటకి కరిగిపోయి ఆరో ఫోన్‌కి ఎత్తితే, ఆరుసార్లు చేస్తే అమ్మ ఎత్తుతుంది అని నేర్చుకుంటుంది. ఆ గంటలో మీ వారు పాప దగ్గర ఉండగలిగితే ఎంతో మేలు. బోధ చేయక్కర్లేదు, పక్కన కూర్చుని క్యారమ్స్ ఆడినా చాలు. ‘ఏమీ లేదు’ అంటున్న మనిషికి చేయడానికి ఒక పని దొరుకుతుంది. ఒక పని చేతిలో పడ్డాక తండ్రులు మారడం నేను చూస్తూ ఉంటాను.

శిక్షతో మాత్రం దీన్ని కలపకండి. ‘ఫోన్ చేస్తే రేపు టీవీ కట్’ అనడం మొదలైతే అంతా పాడవుతుంది.

బడి సంగతి ఇంతకంటే తొందరైనది. ఇంట్లో ఉండిపోయిన ప్రతి రోజూ మర్నాటి గేటుని ఇంకా ఎత్తుగా చేస్తుంది. కానీ నెట్టే ముందు ఒకటి రూఢి చేసుకోండి: బడిలో, బస్సులో ఎవరైనా ఏడిపిస్తున్నారా, టీచరు కొడుతున్నారా, ఎవరైనా ఒంటి మీద చేయి వేశారా. పాపని ఒంటరిగా, తొందరపెట్టకుండా అడగండి. థెరపిస్టు చేత కూడా అడిగించండి. అలాంటిది ఉంటే ముందు దాన్ని ఆపాలి, భయం తగ్గించడం ఆ తర్వాత. లేదని తేలితే థెరపిస్టుతో కూర్చుని మెట్లు వేసుకోండి. సెలవు రోజు గేటు దాకా వెళ్లి రావడం, మొదటి రెండు పీరియడ్లు కూర్చుని రావడం, లంచ్ దాకా ఉండటం, తర్వాత పూర్తి రోజు. ఒక మెట్టు మీద కాలు నిలిచాకే తర్వాతది. ఈ మధ్యలో స్కూలు మార్చాలన్న ఆలోచన ఇంట్లో అందరికీ వస్తుంది. వేధింపులు లేకపోతే ఇప్పుడే వద్దంటాను. తప్పించుకుంటే భయం పోతుందన్న పాఠమే అది మళ్లీ నేర్పుతుంది.

స్కూల్లో చెప్పాలి, అందరికీ కాదు. క్లాస్ టీచరుకీ కౌన్సెలర్‌కీ చెబితే చాలు. సీబీఎస్ఈ స్కూళ్లలో కౌన్సెలర్ ఉండాలని అనుబంధ నిబంధనలే చెప్తున్నాయి. స్టేట్ సిలబస్ అయితే వైస్ ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. పెద్ద రాయితీలు అడగకండి. ముందు చెప్పకుండా లేపి చదవమనకపోవడం, కడుపులో తిప్పితే అడగకుండా బయటికి వెళ్లనివ్వడం, అందరి ముందూ మార్కులు చదవకపోవడం, ఇంతే. ఏం చెప్పబోతున్నారో ముందు పాపకి చెప్పి, తన సమ్మతి తీసుకోండి. పదమూడేళ్ల పిల్ల తన రహస్యం తనకి తెలియకుండా స్టాఫ్ రూముకి వెళ్లిందని తెలిస్తే మిమ్మల్ని నమ్మడం మానేస్తుంది.

మాత్ర గురించి. మందు రాసేది, మోతాదు మార్చేది సైకియాట్రిస్టే. మీరు అడిగింది భయం గురించి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. 2008లో అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 488 మందితో జరిగిన పెద్ద పరిశోధనలో, పన్నెండు వారాల తర్వాత బాగా మెరుగుపడ్డవాళ్లు ఇలా ఉన్నారు: సెర్ట్రలిన్, సీబీటీ రెండూ కలిపి తీసుకున్నవాళ్లలో సుమారు 81 శాతం, సీబీటీ ఒక్కటే అయితే 60, మాత్ర ఒక్కటే అయితే 55, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 24. మీ డాక్టరు రెండూ కలిపి రాయడం వెనుక ఉన్నది ఇదే. ఇది మత్తు మాత్ర కాదు, అలవాటు పడిపోయే రకం కాదు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో ఇబ్బంది, తలనొప్పి, నిద్రలో తేడా రావచ్చు. గుణం కనిపించగానే సొంతంగా ఆపేయకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మీ మరిది ఇంటర్నెట్‌లో చూపించిన హెచ్చరిక కూడా నిజమే, దాన్ని కొట్టిపారేయను. 2004లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ పిల్లలకిచ్చే ఈ తరహా మందుల మీద నల్ల పెట్టె హెచ్చరిక, అంటే మందు కాగితం మీద నల్ల గీతల పెట్టెలో వేసే అన్నిటికన్నా తీవ్రమైన హెచ్చరిక వేయించింది. మందు తీసుకున్న పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు 4 శాతం మందిలో, ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 2 శాతం మందిలో కనిపించాయి. ఆ పరిశోధనల్లో ప్రాణం పోయిన పిల్లలు ఎవరూ లేరు. కాబట్టి మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు దగ్గరగా గమనించాలి. కాలు నిలవనంత అసహనం, ఎన్నడూ లేని కోపం, నిద్ర పూర్తిగా పోవడం, చావు మాటలు కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయండి. ఇంకో జాగ్రత్త: ఇంట్లో పెద్దవాళ్ల డబ్బాలో ఉండే అల్‌ప్రజోలమ్ లాంటి నిద్ర మాత్ర ‘ఒక్క అర వేస్తే పోతుంది’ అని ఎవరూ పాపకి వేయకూడదు. అలవాటు పడే ప్రమాదం ఉన్నవి అవే.

అత్తమ్మ దిష్టి తీస్తే తీయనివ్వండి. చిలుకూరు వెళ్లి నూటెనిమిది ప్రదక్షిణలు మొక్కుకుంటానన్నా వెళ్లనివ్వండి. ఆవిడ కూడా భయపడుతున్నారు, ఆ భయానికి ఆవిడకి తెలిసిన పని అదే. రెండు విషయాలు మాత్రం మీ వారి చేత ఆవిడకి చెప్పించండి: పాప వినేలా ‘గాలి సోకింది’ అనకూడదు, మాత్ర ఆపమనకూడదు. పాపకి అన్నం తినిపించడం, రాత్రి పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం ఆవిడ చేతిలో పెడితే ఇల్లు తేలికపడుతుంది.

‘రేపు పెళ్లి సంబంధాలప్పుడు తెలిస్తే’ అని రాశారు. ఈ ఊళ్లో మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ పేరుని తిట్టులా వాడటం మీరూ నేనూ వింటూ పెరిగినవాళ్లమే, ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యం చేసేవాళ్ల మీద ఉంది. మిగతా జబ్బులకిచ్చినట్టే మానసిక సమస్యలకి కూడా బీమా ఇవ్వాలని అదే చట్టం చెప్తోంది, మీ కంపెనీ పాలసీ చూసుకోండి. చుట్టాల్లో ఎవరికి చెప్పాలో తేల్చేది మీరే. కానీ ఒక్కరికైనా చెప్పండి. మీ అక్కో, కాలేజీ స్నేహితురాలో, సలహాలు ఇవ్వకుండా వినే మనిషి ఎవరైనా. రహస్యాన్ని మోస్తూ బతకడం వల్ల మీకు జరిగే నష్టం, ఎప్పుడో రాబోయే సంబంధం వాళ్లకి తెలియడం వల్ల పాపకి జరిగే నష్టం కన్నా చాలా పెద్దది.

జీవితాంతం ఇలాగే ఉంటుందా? తీపి మాట చెప్పి పంపను. పైన చెప్పిన 2008 పరిశోధనలోని పిల్లల్లో చాలామందిని ఆ తర్వాత కొన్నేళ్ల పాటు గమనించారు. ఐదో వంతుకి కాస్త పైగా పిల్లలు పూర్తిగా బయటపడి అలాగే నిలిచారు. సగానికి దగ్గరగా ఉన్నవాళ్లలో తగ్గుతూ, మళ్లీ తిరగబెడుతూ ఉంది. 30 శాతం మందికి ఎప్పుడు చూసినా యాంగ్జైటీ ఉంటూనే ఉంది. అంటే తిరగబెట్టడం మామూలే, అది చికిత్స ఓడిపోయినట్టు కాదు. జూన్‌లో బడులు తెరిచినప్పుడు, దసరా సెలవులు అయిపోయిన సోమవారం, పదో తరగతి ప్రీ ఫైనల్స్ ముందు మళ్లీ కడుపునొప్పి రావచ్చు. వస్తే ‘మళ్లీ మొదటికొచ్చింది’ అని పాప ముందు కుంగిపోకుండా, ఇంతకుముందు పనిచేసిన మెట్లే మళ్లీ తీయండి. రెండోసారి ఎక్కడం తొందరగానే అవుతుంది. యాంగ్జైటీ ఉన్న పిల్లలు చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. నా దగ్గర చిన్నప్పుడు కుర్చీ చేయి వదలకుండా కూర్చున్న పిల్లలు కొందరు ఇప్పుడు ఒంటరిగా వేరే దేశాల్లో ఉంటున్నారు.

ఇక మీరు. రాత్రి లేచి పాప ఊపిరి తీసుకుంటోందా అని చూస్తున్నానని, ఆఫీసులో ఫోన్ మోగితే చేతులు చల్లబడుతున్నాయని రాశారు. యాంగ్జైటీ ఉన్న పిల్లల అమ్మానాన్నల్లో ఒకరికి అదే ఇబ్బంది ఉండటం అరుదేమీ కాదు. మీకూ వైద్యం అవసరమేమో పాప సైకియాట్రిస్టునే అడగండి. అంతదాకా వెళ్లడం ఇప్పుడే కుదరకపోతే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, ఏ వేళయినా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అక్కడ పాప గురించే కాదు, మీ గురించి కూడా మాట్లాడవచ్చు. ఫీజులు బరువైతే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో ఓపీ ఉంది. జనం ఎక్కువ, ఓపిక పట్టాలి, కానీ అక్కడున్నది చదువుకున్న డాక్టర్లే. ప్రైవేటులో థెరపిస్టుని ఎంచుకునేటప్పుడు ఆర్‌సీఐలో (భారత పునరావాస మండలి) నమోదైన క్లినికల్ సైకాలజిస్టేనా అని అడగండి. ఊరంతా కౌన్సెలింగ్ సెంటర్ బోర్డులే కనిపిస్తాయి, బోర్డుతో పని లేదు. ‘భయాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కోవడం నేర్పుతారా, మాతో కూడా కూర్చుంటారా’ అని అడగండి. ఈ రెంటిలో దేనికి కాదన్నా ఇంకొకరిని వెతకండి.

మీ చిన్నబాబు సంగతి ఉత్తరంలో ఒక్క లైనే ఉంది, ‘వాడు బాగానే ఉన్నాడు’ అని. నాలుగో తరగతి పిల్లాడు, ఇంట్లో ఇన్ని ఏడుపులు వింటూ బాగానే ఉన్నాడంటే, సందడి చేయకుండా సర్దుకుంటున్నాడని అర్థం కావచ్చు. వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి: అక్కకి భయం ఎక్కువగా వేసే ఇబ్బంది ఉంది, డాక్టరు చూస్తున్నారు, అది నీ వల్ల రాలేదు, నీకు అంటుకోదు. వారంలో ఒక గంట వాడితో ఒంటరిగా గడపండి, మీరు కుదరకపోతే మీ వారు.

వచ్చే శనివారం అపాయింట్‌మెంట్ అన్నారు కదా. ఈలోగా ఒక కాగితం మీద వాంతులు, కడుపునొప్పి ఏ రోజు ఏ టైముకి వచ్చాయో, అప్పుడు మీరు ఏం చేశారో, బడికి వెళ్లిందా లేదా రాసి తీసుకెళ్లండి. మాత్ర మొదలుపెట్టాలా అన్న నిర్ణయం, ఏం గమనించాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్న ప్రశ్నలు అక్కడే, మీ వారు కూడా గదిలో ఉండగా అడగండి. పార్కింగ్ కోసం అరగంట ముందే బయల్దేరండి.